జల్లెడ ముందా? మానిక ముందా?

మీ బడి ఆఫీసు గదిలో అడ్మిషన్ రిజిస్టరు అని ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. బళ్ళో చేరిన ప్రతివాళ్ళకీ అందులో ఒక పద్దు రాస్తారు. పేరుకొక గడి, పుట్టిన తేదీకొక గడి, ఊరికొక గడి. ఎవరు ముందు చేరితే వాళ్ళ పద్దు ముందు, తర్వాత చేరినవాళ్ళది తర్వాత. అంతేగాని, ఆ పద్దులు పేర్ల అకారాది క్రమంలోనూ ఉండవు, మార్కుల క్రమంలోనూ ఉండవు.

ఇప్పుడు ఒక విషయం ఊహించుకోండి. ఒక దాత మీ బడికి మూడు సైకిళ్ళు ఇచ్చాడు. "పొరుగూరి నుంచి వచ్చే పిల్లల్లో ఎక్కువ మార్కులు వచ్చిన ముగ్గురికి ఇవ్వండి" అన్నాడు. హెడ్‌మాస్టరుగారు రిజిస్టరు మీ చేతికిచ్చి, "ఆ ముగ్గురెవరో చూసి రాసుకురా" అన్నారు.

"ఓస్, ఇంతేనా!" అంటారు మీరు. నిజమే, చిన్న పనే. కాని ఈ చిన్న పనినే కంప్యూటర్లు రోజుకు కోట్లసార్లు చేస్తుంటాయి. రైలు టిక్కెట్ల కోసం వెతికినా, పరీక్షా ఫలితాలు చూసినా, ఫోనులో ఒక పేరు కోసం గాలించినా లోపల జరిగేది ఇదే. ఇందులో ఏ చిన్న పొరపాటు దొర్లినా సైకిలు రావలసినవాళ్ళకు రాకుండా పోతుంది. అదెలాగో చూద్దాం.

ఒక పనిలో మూడు పనులు

హెడ్‌మాస్టరుగారు చెప్పింది ఒక్క వాక్యమే. దాన్ని విడదీసి చూడండి, మూడు పనులు కనిపిస్తాయి.

మొదటిది ఏరడం. పొరుగూరి పిల్లల పద్దులు మాత్రం ఉంచుకుని మిగతావి పక్కన పెట్టాలి. కంప్యూటరువాళ్ళు దీన్ని ఫిల్టరు అంటారు. మన మాటలో వడపోత. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే జల్లెడ.

రెండవది వరుసపెట్టడం. ఏరిన పద్దులను ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకు పేర్చాలి.

మూడవది ఆపడం. మూడు పేర్లు రాగానే చాలించాలి. దీన్ని లిమిట్ అంటారు. అంటే హద్దు. బియ్యం మానికతో కొలిచి, మానిక నిండగానే ఆపేస్తాం కదా, అలాంటిదే.

చిల్లుల కార్డులు

పద్దులను యంత్రంతో ఏరించవచ్చునని చేసి చూపినవాడు హెర్మన్ హోలరిత్ అనే అమెరికన్ ఇంజనీరు. 1890లో అమెరికాలో జనాభా లెక్కలు తీశారు. ఆరు కోట్ల పైచిలుకు మనుషుల వివరాలు! ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అట్ట కార్డు కేటాయించారు. వయస్సు, స్త్రీయా పురుషుడా, పుట్టిన చోటు వగైరా వివరాలను ఆ కార్డులో ఆయా చోట్ల చిల్లులు పొడిచి గుర్తించారు.

కార్డును యంత్రంలో పెట్టి పిడి నొక్కితే సన్నని సూదులు కిందికి దిగుతాయి. చిల్లు లేనిచోట సూది అట్టకు తగిలి ఆగిపోతుంది. చిల్లు ఉన్నచోట దూరిపోయి కింద ఉన్న పాదరసాన్ని తాకుతుంది. వెంటనే విద్యుత్తు ప్రవహించి, లెక్క చూపే ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. కార్డును ఏ అరలో వెయ్యాలో ఆ అర మూత కూడా దానంతటదే తెరుచుకుంటుంది. మనిషి చూసి ఆలోచించనక్కర్లేదు. చిల్లే జల్లెడ!

రెండు షరతులు ఒకేసారి పెట్టవచ్చా? పెట్టవచ్చు. ఒక తీగమీద రెండు స్విచ్చులు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయనుకోండి. రెండూ నొక్కితేనే దీపం వెలుగుతుంది. "పొరుగూరు అయి ఉండాలి, పదో తరగతి కూడా అయి ఉండాలి" అంటే అదే. రెండు స్విచ్చులను పక్కపక్కన రెండు దారుల్లో పెడితే ఏది నొక్కినా వెలుగుతుంది. "పొరుగూరైనా సరే, పదో తరగతైనా సరే" అన్నమాట. మొదటి ఏర్పాటులో ప్రతి కొత్త షరతుకూ జాబితా కుదించుకుపోతుంది. రెండో ఏర్పాటులో పెరుగుతుంది. మాట్లాడేటప్పుడు మనం ఈ తేడా పెద్దగా పట్టించుకోం. యంత్రానికి మాత్రం స్పష్టంగా చెప్పాలి.

"ఏం కావాలో చెప్పు, చాలు"

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటిలో దాచిన పద్దులను బయటికి తీయడానికి ప్రోగ్రాం రాసేవాడు దారి పొడుగునా చెయ్యి పట్టుకుని నడిపించవలసి వచ్చేది. ఫలానా చోటికి వెళ్ళు, ఒక పద్దు తియ్యి, చూడు, కాకపోతే తర్వాతి దానికి వెళ్ళు - ఇలాగ.

1970లో ఎడ్గార్ కాడ్ అనే గణితజ్ఞుడు ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన ఇంగ్లండులో పుట్టి అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసేవాడు. పద్దులన్నింటినీ మామూలు పట్టికలుగా భావించండి, అవి యంత్రంలో ఎక్కడ ఎలా దాగి ఉన్నాయో అడిగేవాడికి తెలియనక్కర్లేదు అన్నాడు. 1974లో అదే కంపెనీలో డోనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బోయ్స్ అనే ఇద్దరు ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాష తయారుచేశారు. ఈనాడు ఎస్.క్యూ.ఎల్. అనే పేరుతో లోకమంతా వాడుతున్నది దానినే. మన సైకిళ్ళ ప్రశ్నను ఆ భాషలో అడిగి, తెలుగు లిపిలో రాస్తే ఇంచుమించు ఇలా ఉంటుంది:

సెలెక్ట్ పేరు
ఫ్రమ్ రిజిస్టరు
వేర్ ఊరు = 'పొరుగూరు'
ఆర్డర్ బై మార్కులు (ఎక్కువ నుంచి తక్కువకు)
లిమిట్ 3

"వేర్" అన్నది జల్లెడ. "ఆర్డర్ బై" అన్నది వరుస. "లిమిట్" అన్నది మానిక. ఈ మూడో మాట అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఒకటి కాదు. కొన్నిటిలో "టాప్" అంటారు. 2008లో ఆ భాషకు కుదిర్చిన ప్రమాణంలో "ఫెచ్ ఫస్ట్" అని ఉంది. పేరేదైనా పని ఒకటే.

ఏది ముందు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ రిజిస్టరులో ఎనిమిది పద్దులే ఉన్నాయనుకోండి:

1వ నెంబరు - ఈ ఊరు - 91 మార్కులు
2వ నెంబరు - పొరుగూరు - 62
3వ నెంబరు - ఈ ఊరు - 88
4వ నెంబరు - పొరుగూరు - 79
5వ నెంబరు - పొరుగూరు - 84
6వ నెంబరు - ఈ ఊరు - 95
7వ నెంబరు - పొరుగూరు - 70
8వ నెంబరు - పొరుగూరు - 79

ముందు జల్లెడ పట్టండి. 2, 4, 5, 7, 8 మిగులుతాయి. వరుసపెట్టండి. 5, 4, 8, 7, 2 అవుతాయి. మూడింటి దగ్గర ఆపండి. 5, 4, 8. సైకిళ్ళు వీళ్ళవి.

ఇప్పుడు పనుల క్రమం తారుమారు చేద్దాం.

ముందు మానిక, తర్వాత జల్లెడ. రిజిస్టరులో మొదటి మూడు పద్దులే తీసుకుని, వాటిలో పొరుగూరివాళ్ళను ఏరితే 2వ నెంబరు ఒక్కటే దొరుకుతుంది. 62 మార్కులకు సైకిలు వస్తుంది. రెండు సైకిళ్ళు ఆఫీసు గదిలో తుప్పు పడతాయి. ఇంట్లో మీ అమ్మమ్మ నడిగి చూడండి. జల్లించని బియ్యం మానికెడు కొలిచి, తర్వాత జల్లించి నూకలు తీసేస్తే మానికెడు మిగులుతాయా?

ముందు వరుస, తర్వాత మానిక, ఆఖర్న జల్లెడ. ఎక్కువ మార్కుల వాళ్ళు ముగ్గురు: 6, 1, 3. ముగ్గురూ ఈ ఊరివాళ్ళే. జల్లెడ పడితే ఒక్కరూ మిగలరు. "పొరుగూరి పిల్లలెవరూ లేరు" అని తెరమీద కనిపిస్తుంది. అయిదుగురున్నారని మనకు తెలుసు!

ముందు జల్లెడ, తర్వాత మానిక, ఆఖర్న వరుస. ఏరినవాటిలో రిజిస్టరు క్రమంలో మొదటి మూడు: 2, 4, 5. వీటిని పేరిస్తే 5, 4, 2. జాబితాలో ముగ్గురున్నారు. అందరూ పొరుగూరివాళ్ళే. మార్కులు కూడా దిగుతూ ఉన్నాయి. చూసినవాళ్ళెవరికీ అనుమానం రాదు. కాని 79 మార్కులు వచ్చిన 8వ నెంబరుకు దక్కవలసిన సైకిలు 62 మార్కులు వచ్చిన 2వ నెంబరుకు పోయింది. ఈ మూడు తప్పుల్లోనూ ప్రమాదమైనది ఇదే. మొదటి రెండూ తప్పని చూడగానే అనుమానం వస్తుంది. ఇది మాత్రం ఒప్పు వేషం వేసుకుని వస్తుంది.

కాబట్టి ముందు జల్లెడ, తర్వాత వరుస, ఆఖర్న మానిక. ఎస్.క్యూ.ఎల్. భాషలో ఒకే ప్రశ్నగా అడిగితే ఈ క్రమం దానంతటదే అమలవుతుంది. ప్రోగ్రాం రాసేవాడు మొదట ఇరవై పద్దులు మాత్రం తెప్పించుకుని, తర్వాత వాటిని తానే ఏరబోయినప్పుడు చిక్కు వస్తుంది. మీరు ఎప్పుడైనా "వెతుకు" అని నొక్కితే "ఏమీ లేవు" అని వచ్చి, ఇంకొంచెం కిందికి జరిపితే కావలసినది కనిపించిందా? లోపల ఇలాంటి తిరకాసే ఉండి ఉండవచ్చు.

అసలు మానిక ఎందుకు?

"ఇన్ని తంటాలెందుకు? హద్దు పెట్టకుండా అన్నీ చూపిస్తే పోలా?" అనవచ్చు మీరు. లెక్క వేద్దాం.

పది లక్షల పద్దులున్నాయి. ఒక్కొక్కటి 500 అక్షరాల చోటు తీసుకుంటుంది. మొత్తం 50 కోట్ల అక్షరాలు. సెకనుకు 10 లక్షల అక్షరాలను మోసే తీగమీద ఇవన్నీ రావడానికి 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. ఇరవై పద్దులే అడిగితే 10,000 అక్షరాలు. సెకనులో నూరో వంతు! పైగా పది లక్షల పేర్లు వచ్చినా మీ కళ్ళు చదివేది మొదటి పదో ఇరవయ్యో. ఒకేసారి వెయ్యిమంది అడుగుతుంటే, ఒక్కడికి మొత్తం గాదె ఖాళీచేసి ఇస్తూ కూర్చుంటే మిగతా 999 మంది వరుసలో నిలబడవలసిందే.

మూడు పేర్లు కావాలంటే పది లక్షల పద్దులనూ వరుసపెట్టనక్కర్లేదు కూడా. మూడు కుర్చీలు వేయండి. పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. మొదటి ముగ్గురూ కూర్చుంటారు. నాలుగోవాడికి, కూర్చున్నవాళ్ళలో అందరికంటే తక్కువ మార్కులవాడికంటే ఎక్కువ వచ్చి ఉంటే ఆ కుర్చీ వీడిది. లేకపోతే ముందుకు సాగిపోవాలి. ఒక్కసారి అందరూ నడిచిపోయేసరికి కుర్చీల్లో మిగిలినవాళ్ళే మనకు కావలసిన ముగ్గురు. కంప్యూటర్లు ఈ ఉపాయాన్ని నిజంగానే వాడతాయి. పని ఏ దారిన చేసినా జవాబు మాత్రం "జల్లెడ, వరుస, మానిక" క్రమంలో వచ్చే జవాబే కావాలి. అదీ నియమం.

జల్లెడకు కూడా వేగం పెంచవచ్చు. పుస్తకాల చివర "విషయసూచిక" ఉంటుంది కదా. పదం అకారాది క్రమంలో దొరుకుతుంది, పక్కన పేజీ నెంబరు ఉంటుంది. పద్దులకూ అలాంటి సూచిక తయారుచేస్తారు. క్రమంలో ఉన్న పది లక్షల పేర్లలో ఒక పేరు కావాలంటే మధ్యకు తెరిచి, ముందుందా వెనకుందా చూసి, సగం వదిలెయ్యండి. మళ్ళీ సగం, మళ్ళీ సగం. ఇరవైసార్లలో దొరికి తీరుతుంది. 2ను 20 సార్లు గుణించుకుంటూ పోతే 10,48,576 వస్తుంది గనుక! 1970లో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనే ఇద్దరు ఇంతకంటే చురుకైన పద్ధతి కనిపెట్టారు. విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీ పరిశోధనాశాలలో వారు పనిచేసేవారు. సూచికను కొమ్మలున్న చెట్టులాగా కట్టారు. ఒక్కొక్క కణుపు దగ్గర నూరు కొమ్మలుంటే మూడు మెట్లలో పది లక్షల పద్దులను చేరవచ్చు. 100 × 100 × 100 చేసి చూడండి.

సమాన మార్కుల చిక్కు

దాత ఇచ్చినవి రెండే సైకిళ్ళయితే? మొదటిది 5వ నెంబరుకు. రెండోది? 4వ నెంబరుకూ 79, 8వ నెంబరుకూ 79.

"మార్కుల క్రమంలో మొదటి ఇద్దరు" అని మాత్రమే చెబితే కంప్యూటరు ఇవాళ 4ను చూపవచ్చు, రేపు 8ని చూపవచ్చు. రెండూ దానికి సరైన జవాబులే. మీరు చెప్పని సంగతి అది పాటించనక్కర్లేదు. అసలు ఏ వరుసా చెప్పకపోతే పద్దులు ఏ వరుసలో వస్తాయన్న హామీ కూడా లేదు. నిన్న రాసిన క్రమంలో వచ్చాయి కదా అని నేడూ అలాగే వస్తాయనుకోకూడదు.

దీనికి రెండు మార్గాలున్నాయి. మార్కులు సమానమైతే ఏం చూడాలో కూడా ముందే చెప్పడం ఒకటి: "మార్కులు సమానమైతే అడ్మిషన్ నెంబరు చిన్నదైనవారు ముందు". అడ్మిషన్ నెంబరు ఇద్దరికి ఒకటి ఉండదు గనుక వరుస ఇక కదలదు. కాని ముందు చేరినంత మాత్రాన సైకిలు వాళ్ళకే ఇవ్వడం న్యాయమా? ఆలోచించవలసిన మాటే. అందుకే రెండో మార్గం: "హద్దు దగ్గర సమానంగా ఉన్నవాళ్ళనందర్నీ చూపించు" అనడం. అప్పుడు ఇద్దరినడిగితే ముగ్గురు వస్తారు. సైకిలు ఎవరికివ్వాలో హెడ్‌మాస్టరుగారు తేలుస్తారు. తేల్చవలసిన చిక్కు ఒకటుందని ఆయనకు తెలియడమే ముఖ్యం.

ఖాళీ గడి

బళ్ళో తొమ్మిదో విద్యార్థి చేరాడు. మార్కులు 90. చేర్చుకున్న రోజు హడావుడిలో ఊరి గడి నింపలేదు. ఖాళీగా వదిలేశారు.

"ఊరు 'ఈ ఊరు' అయినవాళ్ళెవరు?" అని అడిగితే ముగ్గురు వస్తారు. "'ఈ ఊరు' కానివాళ్ళెవరు?" అని అడిగితే అయిదుగురు వస్తారు. అవునన్నవాళ్ళు, కాదన్నవాళ్ళు కలిపితే అందరూ రావాలి. మూడూ అయిదూ ఎనిమిది. రిజిస్టరులో ఉన్నది తొమ్మిదిమంది! ఒకడు ఏమైనట్టు?

ఎస్.క్యూ.ఎల్.లో ప్రశ్నకు రెండు కాదు, మూడు జవాబులున్నాయి: అవును, కాదు, తెలియదు. ఖాళీ గడి గురించి "ఇది ఈ ఊరేనా?" అంటే "తెలియదు". "ఈ ఊరు కాదా?" అన్నా "తెలియదు". జల్లెడ "అవును" అన్న పద్దులనే దాటనిస్తుంది. కనుక 9వ నెంబరు ఏ జాబితాకూ ఎక్కడు. అతడు నిజంగా పొరుగూరివాడే అయితే 90 మార్కులతో మొదటి సైకిలు అతడిది! "ఊరి గడి ఖాళీగా ఉన్నవాళ్ళెవరు?" అని విడిగా అడిగితే తప్ప అతడు బయటపడడు.

అందుకే లెక్క తెలిసినవాళ్ళు ఏరిన తర్వాత ఒకసారి కూడిక వేసి చూసుకుంటారు. ఏరినవి, విడిచినవి, తెలియనివి - ఈ మూడూ కలిపితే మొత్తానికి సరిపోవాలి.

పేజీ తిప్పేలోగా

పేర్లు ఎక్కువైతే పేజీలుగా చూపిస్తారు. పేజీకి మూడు అనుకుందాం. పొరుగూరివాళ్ళ వరుస 5, 4, 8, 7, 2. మొదటి పేజీలో 5, 4, 8 ఉంటాయి. రెండో పేజీ అడిగితే కంప్యూటరు "మొదటి మూడు వదిలెయ్యి, తర్వాతి మూడు చూపు" అని లెక్కపెడుతుంది. 7, 2 వస్తాయి. బాగానే ఉంది.

మీరు మొదటి పేజీ చదువుతుండగా 86 మార్కులతో 10వ నెంబరు పొరుగూరి నుంచి వచ్చి చేరాడు. వరుస ఇప్పుడు 10, 5, 4, 8, 7, 2. మీరు పేజీ తిప్పారు. మొదటి మూడు వదిలితే 8, 7, 2. ఎనిమిదో నెంబరు మళ్ళీ వచ్చాడే!

ఇది పరవాలేదు, చూస్తే తెలుస్తుంది. దీనికి బదులు 5వ నెంబరు టి.సి. తీసుకుని వెళ్ళిపోయాడనుకోండి. వరుస 4, 8, 7, 2. మొదటి మూడు వదిలితే మిగిలేది 2 ఒక్కడే. మొదటి పేజీలో మీరు 5, 4, 8 చూశారు, రెండో పేజీలో 2ను చూశారు. 7వ నెంబరు బళ్ళోనే ఉన్నాడు, మీకు మాత్రం ఏ పేజీలోనూ కనబడలేదు.

పుస్తకం చదువుతూ లేచేటప్పుడు మీరేం చేస్తారు? "నలభై పేజీలు చదివాను" అని గుర్తుంచుకోవడం కంటే, చదివిన చోట నెమలీక పెడతారు. ఇక్కడా అదే మందు. "మూడు వదిలెయ్యి" అనడానికి బదులు "79 మార్కులు, 8వ నెంబరు - దీని తర్వాతివి చూపు" అనాలి. పైన ఎవరు చేరినా, ఎవరు వెళ్ళినా 7, 2 తప్పకుండా వస్తారు. ఇంకో లాభం కూడా ఉంది. వెయ్యో పేజీ చూపడానికి ముందున్న పేజీలన్నీ లెక్కపెట్టి వదలనక్కర్లేదు. సూచిక పట్టుకుని నేరుగా నెమలీక దగ్గరికే పోవచ్చు.

తప్పిపోయిన 15,841 మంది

సైకిళ్ళంటే కట్టుకథ. ఇక జరిగిన కథ వినండి.

2020లో కరోనా వ్యాధి ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులో పరీక్షాశాలలు వ్యాధి ఉందని తేలినవాళ్ళ వివరాలను ప్రజారోగ్య సంస్థకు పంపేవి. ఆ సంస్థ వాటిని ఎక్సెల్ అనే పట్టికల సాఫ్ట్‌వేరులోని పాత రకం ఫైళ్ళలోకి ఎక్కించేది. ఆ పాత రకం ఫైల్లో ఒక పట్టికకు 65,536 వరుసలే ఉంటాయి. ఈ అంకె ఎక్కడిది? వరుస నెంబరు రాయడానికి 16 ద్వియాంక స్థానాలు కేటాయించారు. 2ను 16 సార్లు గుణిస్తే 65,536. ఒక్కొక్క రోగి వివరాలకు ఒక వరుస సరిపోక చాలా వరుసలు పట్టేవి. వ్యాధి పెరిగింది, పట్టిక నిండింది. నిండిన మానికలో ఇంకా పోస్తే ఏమవుతుంది? పొర్లిపోతుంది. బియ్యం పొర్లితే నేలమీద కనబడతాయి. పద్దులు పొర్లితే ఎక్కడా కనబడవు.

సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగుల లెక్క ఇలా తప్పిపోయింది. అక్టోబరు 2 రాత్రి ఈ సంగతి బయటపడింది. ఆ రోగులకు తమ పరీక్ష ఫలితం అందింది. కాని వాళ్ళతో మెలిగినవాళ్ళను వెతికి హెచ్చరించే సిబ్బందికి వాళ్ళ పేర్లు సమయానికి చేరలేదు. తమకూ వ్యాధి సోకి ఉండవచ్చునని తెలియక ఎందరో మామూలుగా తిరిగారు. తర్వాత పెద్ద ఫైళ్ళను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి ఎక్కించి చిక్కును సరిదిద్దారు. 2007 నుంచీ వస్తున్న కొత్త రకం ఎక్సెల్ ఫైళ్ళలో 10,48,576 వరుసలున్నాయి. అదీ ఒక హద్దే సుమా! మానిక పెద్దదైంది, అంతే.

హద్దు ఉండడంలో తప్పులేదు. హద్దు దాటిన పద్దులున్నాయని రోజుల తరబడి ఎవరికీ తెలియకపోవడమే అక్కడ జరిగిన నష్టం.

ఇరవై ఒకటో పద్దు

మరి హద్దు దాటిందని తెలియడం ఎలా? ఒక చక్కని కిటుకు ఉంది. చూపవలసినవి ఇరవై అయితే ఇరవై ఒకటి అడగండి. ఇరవై ఒకటోది వచ్చిందా, దాన్ని చూపకుండా "ఇంకా ఉన్నాయి" అని కింద రాయండి. రాలేదా, జాబితా అయిపోయినట్టే. ఒక్క పద్దు అదనంగా తెస్తే చాలు, చూసేవాడికి నిజం తెలుస్తుంది. ఎన్ని ఉన్నాయో కూడా చెప్పగలిగితే మరీ మంచిది: "347లో 20 చూపిస్తున్నాం". మొత్తం లెక్కపెట్టడం పెద్ద పట్టికల్లో కాస్త ఖర్చుతో కూడిన పని. ఇరవై ఒకటో పద్దుకు అంత ఖర్చు లేదు.

చూసేవాళ్ళుగా మనకూ ఒక బాధ్యత ఉంది. ఏ జాబితా చేతికొచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. దేనితో జల్లించారు? ఏ వరుసలో పెట్టారు? ఎక్కడ ఆపారు? ఈ మూడూ తెలిసేదాకా "జాబితాలో కనబడలేదు" అనండి, "లేదు" అనకండి. మీ పేరు ఒక జాబితాలో కనబడకపోయినా ఇవే మూడు ప్రశ్నలు అడగండి.

మీరూ చేసి చూడండి

చిన్న చీటీలు తొమ్మిది కత్తిరించి, పైన చెప్పిన తొమ్మిదిమంది వివరాలు ఒక్కొక్క చీటీమీద రాయండి. జల్లెడ, వరుస, మానిక - ఈ మూడు పనులను ఆరు క్రమాల్లో చేయవచ్చు. ఆరూ చేసి, ఏ క్రమానికి ఏ పేర్లు వస్తాయో పట్టిక వేయండి. సరైన జవాబు ఒక్క క్రమానికే వస్తుందా, ఇంకో దానికి కూడా వస్తుందా? వస్తే ఎందుకు వచ్చింది?

అది తేలితే ఈ లెక్క చూడండి. మీరు పొరుగూరివాళ్ళ మొదటి పేజీలో 5, 4, 8 చూసి కాగితంమీద రాసుకున్నారు. పేజీ తిప్పేలోగా 86 మార్కులతో 10వ నెంబరు చేరాడు, 5వ నెంబరు టి.సి. తీసుకుని వెళ్ళాడు. రెండో పేజీలో 7, 2 వచ్చాయి. ఎవరూ రెండుసార్లు రాలేదు, ఏ లోపమూ కనబడలేదు. అయినా మీ కాగితంమీద ఉన్న జాబితాలో రెండు తప్పులున్నాయి. అవేమిటి? నెమలీక పద్ధతి వాడితే అవి పోతాయా?